నాలుకకు తాళం

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నా మనసులో మొదట మెదిలిన మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను, ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోవాలి? 'ఇక జిలేబీ తినొచ్చు' అనుకున్నాను. ఆ తర్వాతే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ వరసలో జిలేబీయే ముందు వచ్చింది. దాన్ని ఇప్పుడు వెనక్కి జరపలేను.

ఆమె నాకు చుట్టం కాదు. కాశిబుగ్గలో మా గల్లీ మొదట్లో ఉన్న మిఠాయి దుకాణం వాళ్ల అమ్మ. చిన్నా పెద్దా అందరికీ పెద్దమ్మే. దుకాణం కొడుకుది, అతన్ని అందరం సేటు అంటాం. గల్లా దగ్గర కోడలు కూర్చుంటుంది. గడప పక్కన, జిలేబీ బాణలికి ఇవతల, ఒక ఇనుప స్టూలు మీద పెద్దమ్మ కూర్చునేది. ఒళ్లో స్టీలు డబ్బా, డబ్బాలో పొడపత్రి ఆకులు.

ఆ ఆకు సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. పొడపత్రి ఒక తీగ. షుగరుకు మంచిదని పాతకాలం నుంచి వాడుతున్నారు. పచ్చి ఆకు రెండు నిమిషాలు నమిలి మింగితే, ఆ తర్వాత సుమారు గంటసేపు నాలుకకు తీపి తెలియదు. ఉప్పు తెలుస్తుంది, కారం తెలుస్తుంది, తీపి ఒక్కటే మాయం. చక్కెర నోట్లో పోసుకుంటే ఇసుక నమిలినట్టు ఉంటుంది. అటువంటి ఆకుల డబ్బా పట్టుకుని ఒక మనిషి మిఠాయి దుకాణం గడపలో కూర్చుంటే ఆ వ్యాపారం ఎలా సాగుతుందో మీరే ఊహించుకోండి.

పెద్దమ్మ పుట్టినూరు నర్సంపేట దగ్గర. అక్కడ పత్తి చేను కంచె మీది తీగ ముక్కను తెచ్చి, ఖాళీ పెయింటు బకెట్లో మట్టి పోసి దుకాణం ముందు నాటింది. అది నీళ్ల పైపు పట్టుకుని పైకి పాకింది, షట్టరు దాటింది, చివరికి దుకాణం బోర్డు ఎక్కి కూర్చుంది. సేటు మోజుపడి రాయించుకున్న రంగు రంగుల లడ్డూ బొమ్మ ఆకుల కింద దాగిపోయింది. సేటు ఒకసారి కత్తెర పట్టుకుని స్టూలెక్కాడు. "దాని జోలికి పోతే నా జోలికి వచ్చినట్టే" అంది పెద్దమ్మ తల కూడా ఎత్తకుండా. సేటు దిగిపోయాడు.

నేను కరెంటాఫీసులో బిల్లుల కౌంటరు దగ్గర పనిచేసి రిటైరైన ఏడాదే షుగరు బయటపడింది. రిపోర్టు వచ్చిన వారం బుద్ధిగా ఉన్నాను. ఎనిమిదో రోజు సాయంత్రం, ఒక్క జిలేబీకి ఏమవుతుందని దుకాణం మెట్లు ఎక్కాను. పెద్దమ్మ నా మొహం చూడలేదు. ఆమె ఎవరి మొహమూ చూసేది కాదు, కాళ్లు చూసేది. నేను దవాఖానలో రాసిచ్చిన మెత్తటి చెప్పులు వేసుకున్నాను.

"ఎప్పటి సంది బిడ్డా?"

"ఏంది పెద్దమ్మా?"

"షుగరు."

"నాకెక్కడిది? మడిమ నొప్పని వేసుకున్న."

"అట్లనా. మడిమ నొప్పికి గూడ మంచిదే. దా, రెండాకులు నములు."

కాదనడం నా వల్ల కాలేదు. ఇరవై మందిలో బిల్లు కట్టలేదని కనెక్షన్ కోయించిన మనిషిని, రెండాకుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. నమిలాను. చేదుగా, పసరుగా ఉంది. నేను మింగేదాకా ఆమె నా గొంతునే చూసింది.

"ఇగ కొనుక్కో. ఎంత గావాల్నంటే అంత తిను. నేనేమన్న వద్దన్ననా?"

జిలేబీ వేడిగా ఉంది, కరకరలాడింది, కొంచెం పులుపు కూడా తగిలింది. తీపి మాత్రం లేదు. పులిసిన పిండి నూనెలో వేయించి పెట్టినట్టుంది. ఒక్క ముక్క తిని మిగతాది కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. గల్లా దగ్గర కోడలు పెద్దగా నిట్టూర్చింది. అది ఆ రోజుకు ఎన్నో నిట్టూర్పో నాకు తెలియదు.

అలా మొదలైన మా వైరం పదకొండేళ్లు సాగింది. చెప్పుల వల్ల దొరికిపోతున్నానని ఒకరోజు ఆఫీసు రోజుల నాటి నల్ల బూట్లు పాలిష్ చేసి వేసుకుని వెళ్లాను. ఆమె బూట్ల వైపు చాలాసేపు చూసింది. "ఎవలింట్ల పెండ్లి సారూ?" అంది. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇంకోసారి ఆమె మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లాను. కళ్లు మూసుకునే ఉంది, డబ్బా మూత తీసిన చప్పుడు మాత్రం వినిపించింది.

అయితే ఒక మాట చెప్పాలి. ఆకు అమ్మే మనిషి కాదామె, ఊరికే ఇచ్చేది. ఇచ్చే ముందు ఒక ప్రశ్న వేసేది: "గోలి ఏసుకున్నవా?" లేదంటే ఆకు లేదు, జిలేబీ లేదు, ముందు ఇంటికి పోయి షుగరు మాత్ర వేసుకుని రావాలి. ఒకసారి తొర్రూరు నుంచి ఎవరో పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చాడు. "అమ్మా, నీ ఆకు తోటి గోలీలు బంద్ చేయొచ్చట గద" అన్నాడు ఆశగా. పెద్దమ్మ డబ్బా మూత టపీమని వేసింది.

"ఎవడు చెప్పిండు నీకు? ఇది నీ నాలికకు తాళమేస్తది, గంతే. లోపలున్న షుగరుకు డాక్టరు ఇచ్చిన గోలి గోలే. రెండూ కలిపి ఆగం గాకు."

ఆ కోపం ఎక్కడిదో నాకు తర్వాత తెలిసింది. ఆమె భర్త ఆ దుకాణం పెట్టిన మనిషి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాకం రుచి చూసీ చూసీ షుగరు తెచ్చుకున్నాడు. ఎవరో అమ్మిన పొడి మీద నమ్మకం పెట్టుకుని గోలీలు మోరీ కాలువలో పారబోశాడు. కాలికి పుండైంది. ముందు వేలు పోయింది, తర్వాత పాదం, ఆ తర్వాత మనిషి. "ఆ పొడిల గూడ ఇదే ఆకు ఉన్నది సారూ" అంది ఆమె ఒకనాడు, ఎటో చూస్తూ. "ఆకు మీద నాకు కోపం లేదు. అది చేసే పని అది చేస్తది. చెయ్యని పని చేస్తదని చెప్పినోని మీదనే నా కోపం."

భర్త పోయిన రోజు నుంచి ఆమె మిఠాయి నోట్లో పెట్టలేదు. మిఠాయి దుకాణంలో ఉంటూ ఇరవై ఏళ్లు. అయినా ప్రతి వాయా ఆమె ముందుకు రావలసిందే. సేటు ఒక పళ్లెంలో తెచ్చి స్టూలు పక్కన పట్టుకుని నిలబడేవాడు. ఆమె లడ్డూను రెండు వేళ్లతో చిదిమి చూసేది, వాసన చూసేది, వెలుతురుకు ఎత్తి చూసేది. "తినొచ్చు" అనేది. అంతకు మించిన మెప్పు ఆమె నోటి నుంచి ఎవరూ వినలేదు. నలభై దాటిన సేటు ఆ ఒక్క మాట కోసం పరీక్ష రాసిన పిల్లాడిలా ఎదురుచూసేవాడు. బాగుందని ఒక్కసారైనా అంటుందేమోనని అతని ఆశ. నాకు ఆ ఆశ బాగా అర్థమయ్యేది. మా ఆవిడ కూడా అదే రకం. పెళ్లయిన నాటి నుంచి నేను తెచ్చిన ఏ కూరగాయనూ, నేను కొన్న ఏ చీరనూ, ఆ మాటకొస్తే నన్నూ, బాగుందని అన్న పాపాన పోలేదు.

మూడేళ్ల కింద సేటుకు షుగరొచ్చింది.

రిపోర్టు చూసిన పెద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున సేటు బాణలి దగ్గరికి పోకముందే డబ్బా తెరిచి ముందు పెట్టింది. నాలుక మీద తీపి తెలియకపోతే కొడుకు పాకం నాకడు, ముక్కలు నోట్లో వేసుకోడు అని ఆమె లెక్క. సేటు నమిలాడు, రోజూ నములుతానని మాట కూడా ఇచ్చాడు. ఆ తెలివిలో ఉన్న తప్పు తల్లికీ తట్టలేదు, కొడుక్కీ తట్టలేదు. అటువంటి తప్పు వాళ్లిద్దరు తప్ప ఈ లోకంలో ఇంకెవరూ చేయలేరు.

ఆ రోజు ఒక పెళ్లికి కద్దూ కా ఖీర్ ఆర్డరు. పెద్ద డేగిసాలో సొరకాయ తురుము, పాలు, సగ్గుబియ్యం ఉడికాయి. చక్కెర వేశాడు సేటు. గరిటెతో చెయ్యి మీద చుక్క వేసుకుని నాకి చూశాడు. తీపి లేదు. ఇంకొంచెం వేశాడు. లేదు. చక్కెర మంచిది కాదేమోనని వేరే బస్తా విప్పించాడు. నాకిన ప్రతిసారీ చప్పగానే ఉంది, వేసిన ప్రతిసారీ చక్కెర కరిగిపోతూనే ఉంది.

మర్నాడు పెండ్లికూతురి తండ్రి ఒక టిఫిన్ డబ్బాతో వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. కోపంతో వచ్చిన మనిషి అరుస్తాడనుకున్నాం. అరవలేదు. "ఒక్క చెంచ తిను సేటూ, నాకోసం" అన్నాడు.

"ఏమైందన్నా?"

"మా వియ్యంపురాలు ఒక్క చెంచ నోట్ల వెట్టుకొని, రెండు గిలాసల నీళ్లు తాగింది. పిల్లలు గూడ ముట్టలే. పిల్లలు తీపి వద్దనంగ నేనెన్నడు సూడలే. నీ నాలిక ఏడవోయింది?"

సేటు తల దించుకున్నాడు. పెద్దమ్మ స్టూలు మీది నుంచి లేచి నిలబడింది. ఆమె అలా లేవడం నేను అంతకుముందు చూడలేదు.

"వాని నాలికకు నేనే తాళమేసిన బిడ్డా. తప్పు నాది. నన్నను."

ఆయన ఎనభై ఏళ్ల మనిషిని ఏమంటాడు? ఆయన వెళ్లిపోయాక సేటు అన్నాడు, గొంతు పెంచకుండానే: "అమ్మా, నాకు నాలికన్న ఉండాలె, దుకాణమన్న బందు గావాలె. రెండిట్ల ఏదో ఒకటి నువ్వే చెప్పు."

పెద్దమ్మ ఆ రోజంతా డబ్బా మూత తీయలేదు. సాయంత్రం నేను కావాలనే బాణలి ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. నా కాళ్ల వైపు చూడనైనా చూడలేదు. నాకు భయం వేసింది.

మర్నాడు పొద్దున ఏడింటికి పాల ప్యాకెట్టు కోసం అటు వెళ్తే దుకాణంలో అందరూ కదలకుండా నిలబడి ఉన్నారు. సేటు బేసన్ లడ్డూ కోసం శనగపిండి నేతిలో వేయించి, చక్కెర పొడి కలిపాడు. అతను ఆకు నమిలే ఉన్నాడు. పెద్దమ్మ చెయ్యి చాపింది. "ఇటు తే. గోరంత."

ఇరవై ఏళ్ల తర్వాత ఆమె తీపిని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. కోడలు గల్లా దగ్గర లేచి నిలబడింది. బాణలిలో నూనె చిటపటలాడుతోంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆమె చాలాసేపు కళ్లు తెరవలేదు.

"చక్కెర జర ఎక్కువైంది" అంది చివరికి.

సేటు వేయించిన శనగపిండి ఇంకొంత కలిపాడు. మళ్లీ గోరంత. "తినొచ్చు." ఆ తర్వాత లేచి మోరీ దగ్గరికి పోయి రెండు చెంబుల నీళ్లతో నోరు పుక్కిలించింది. నేను చెంబు అందించాను. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి చెప్పింది: "ఇంత మంచిగుంటదని నాకు యాది లేకుండె సారూ. మావోని చెయ్యి వాళ్ల నాయినకన్న మంచిగున్నది." వెంటనే చుట్టూ చూసింది. "వానికి చెప్పకు. చెప్తే ఇగ మనసు వెట్టి చెయ్యడు."

నేను చెప్పలేదు. ఆ తర్వాత మూడేళ్లు రోజూ అదే తంతు. కొడుకు ఆకు నమిలేవాడు, తల్లి గోరంత రుచి చూసేది, ఏదో ఒక వంక పెట్టేది, సరిచేశాక తినొచ్చు అనేది. సేటు షుగరు అదుపులోకి వచ్చింది. మిఠాయి రుచి తగ్గలేదు సరికదా, అటు హన్మకొండ నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. వాళ్ల కాళ్లు కూడా ఆమె చూస్తూనే ఉండేది.

ఆమె ఏ రోగమూ లేకుండా, మధ్యాహ్నం కునుకులోనే పోయింది. పెద్దకర్మ రోజు భోజనాలకు పిలిచారు. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో రాలేనంది, నేనొక్కణ్నే వెళ్లాను. వాకిట్లో పెద్దమ్మ ఫొటో పెట్టారు. ఎవరు తీశారోగాని, ఫొటోలో కూడా ఆమె చూపు కిందికే ఉంది. దండ వేసిన ఫొటో ముందు ఆమె స్టీలు డబ్బా, మూత తీసి ఉంది. నేను మెత్తటి చెప్పులు విప్పి ఆ చూపు ముందు నిలబడ్డాను. చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోయింది. రెండాకులు తీసుకుని నమిలాను. నా ముందు వెళ్లినవాళ్లూ నమిలారు, వెనక వచ్చినవాళ్లూ నమిలారు. ఆమె చేతి ఆకు తిన్నవాళ్లమే కదా అందరం, ప్రసాదంలా తీసుకున్నాం. తర్వాత ఏం జరుగుతుందో ఒక్కరం ఆలోచించలేదు.

విస్తళ్లలో బేసన్ లడ్డూ వడ్డించారు. సేటు గుండు మీద తువ్వాల వేసుకుని వరస చివర నుంచి ఒక్కొక్కరి దగ్గర ఆగుతున్నాడు. "ఎట్లున్నది లడ్డు?" "మంచిగున్నది సేటూ." "ఎట్లున్నదన్నా?" "మస్తుగున్నది." అందరూ ఇసుక నములుతున్నట్టు నములుతూ అంటున్నారు. నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"సార్, మీరన్న నిజం చెప్పుండ్రి. నేను పొద్దుగాల ఆకు నమిలిన, అమ్మకు మాటిచ్చిన గద. మా ఇంటామెకు రుచి చూపిస్తే మంచిగున్నదన్నది. ఆమెకు అన్నీ మంచిగనే ఉంటయ్."

"సేటూ, నేను కూడా ఆకు నమిలే వచ్చిన."

అతను వరసంతా ఒకసారి చూశాడు. అర్థమైంది. నవ్వు వచ్చింది అతనికి, ఆ నవ్వు మధ్యలోనే మొహం మారిపోయింది. "రేపటి సంది ఎట్ల సార్? మాట తప్పి మల్ల నేనే నాలిక మీద వెట్టుకోవాలె. లేకపోతే దుకాణం నడువది. మా నాయిన తొవ్వనే నాది గూడ." అతని కాళ్ల వైపు చూశాను. చెప్పుల్లేకుండా నిలబడి నిలబడి పాదాలు వాచి ఉన్నాయి.

"గంట ఆగు. నాలిక వాపసు రాంగనే ఇంటి నుంచి ఫోన్ చేసి చెప్త" అని ఒక లడ్డూ కాగితంలో చుట్టుకుని వచ్చాను.

ఇంట్లో గడియారం ముందు కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి కాగితం విప్పింది. నేను ఏమీ చెప్పలేదు. సగం విరుచుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"నెయ్యి మంచిదే. పిండి ఇంకో రెండు నిమిషాలు ఏగాలె. చక్కెర జర ఎక్కువైంది."

అది పెద్దమ్మ మాట. "తినొచ్చునా?" అన్నాను.

"తినొచ్చు" అంది, నేను తెచ్చిన అన్ని వస్తువుల గురించీ అనేటట్టే.

వెంటనే సేటుకు ఫోన్ చేసి ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. "మా అమ్మ గిట్లనే అంటుండె సార్" అన్నాడు. "ఒక్కనాడన్న మంచిగున్నదనలే. దానికోసమే చూసిన ఇన్నేండ్లు." ఇక నా వల్ల కాలేదు. మోరీ దగ్గర పెద్దమ్మ నా చెవిలో చెప్పింది మొత్తం చెప్పేశాను. చెప్పొద్దన్నదని కూడా చెప్పాను. ఫోన్‌లో ఆ పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మా ఆవిడ నన్ను వింతగా చూసింది.

కొంత తేరుకున్నాక అడిగాడు: "సార్, మేడంకు షుగరున్నదా?"

"లేదు. నోరే ఉన్నది."

"రేపు పొద్దుగాల ఏడింటికి వస్తరా? గోరంత చాలు. నేనే బండి మీద తోల్కపోత."

మా ఆవిడ ఫోన్‌లో మాట విని, అతనికి వినబడేట్టు అంది: "స్టూలు మీద నేను కూసోను. నా మోకాళ్లకు కుర్చీ ఉండాలె."

"కుర్చీ ఏపిస్త" అన్నాడు సేటు. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"సార్, మేడం సగం తిన్నరు గద. మిగిలిన సగం ఏడున్నది?"

అది నా అరచేతిలో ఉంది. గంట దాటింది, నాలుక తిరిగి వచ్చిందని నాకు అప్పుడే తెలుస్తోంది.

"మేడం చేతికియ్యుండ్రి సార్. నేను లైన్ల ఉంట."

ఇచ్చేశాను.